ఒంటి వాకిలి బల్లకట్టు

ఒక ముసలమ్మను, ఒక మోటారు కారును, అప్పటిదాకా పోగుచేసుకున్న నా పరువును ఒకే బల్లకట్టు మీదికి ఎక్కించి, పెన్నకు అడ్డంగా అటూ ఇటూ తిప్పిన కథ చెబుతాను. ముసలమ్మ ఎట్లాగో గట్టు చేరింది. కారు బయలుదేరిన చోటికే తిరిగి వచ్చింది. పరువు మాత్రం ఇప్పటికీ ఆ నీళ్లలోనే ఎక్కడో ఉంది. చదువుతూంటే మీకు నవ్వు రావచ్చు. రాస్తూంటే నాకు చెవులు వేడెక్కుతున్నాయి.

ముందు నా సంగతి. నేను చదివింది ఐదో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. వామిని చూస్తే ఎన్ని బండ్ల గడ్డి ఉందో, బావిని చూస్తే ఎన్ని నిలువుల లోతో చెప్పేవాణ్ణి. మా ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా బియ్యం కొలిచే ముందు నన్ను పిలిచేవాళ్లు. నా అసలు పేరు మా అమ్మకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ నేను లెక్కలప్ప. ఆ పేరు నాకు తలకెక్కింది. అక్కడే మొదలైంది ఈ కథ.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులు. నేను ఓబుల రెడ్డి గారి దగ్గర పని చేసేవాణ్ణి. ఆయనది బల్లకట్ల వ్యాపారం. రాయలసీమలో బల్లకట్లేమిటని ఆశ్చర్యపోకండి. మాకూ ఏర్లున్నాయి. వాటిలో నీళ్లు ఎప్పుడుంటాయో ఎవరికీ తెలియదు, అంతే తేడా. రెండు పడవలను పక్కపక్కన పెట్టి, పైన పలకలు పరిచి బిగిస్తే అది బల్లకట్టు. మనుషులు, గొర్రెలు, ఎద్దులబండ్లు, అరుదుగా కార్లు దానిమీద ఏరు దాటుతాయి. రెడ్డి గారికి అలాంటివి మూడు. పెద్దది, నడిపిది కర్నూలు దగ్గర తుంగభద్ర మీద చెరో రేవులో ఉండేవి. చిన్నది ఆయన సొంత ఊళ్లో పెన్న మీద. ఊరు ఏటికి ఇవతల, కడప అవతల.

ఆ చిన్నదాన్ని బల్లకట్టు అనడం మర్యాద కోసమే. నాలుగు మేకలు ఒకే పక్కకు తిరిగి దగ్గితే అది ఒరిగేది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే ఏడాదిలో ముప్పాతిక భాగం పెన్న అంటే ఇసుకే. ఈతమట్టలు పరిచి, దానిమీదే బండ్లు దాటిపోయేవి. అలాంటి ఊళ్లో రెడ్డి గారు కారు కొన్నారు. నల్ల కారు, గుడ్డ టాపు. మొదటి వానలకు పెన్న వచ్చింది. కారు కట్టేసిన ఎద్దులాగా కొట్టంలో ఉండిపోయింది. ఆ వానాకాలమంతా ఆయన రోజూ కొట్టంలోకి పోయి, కారులో కాసేపు కూర్చుని వచ్చేవారు.

మరుసటి వేసవిలో నన్ను పిలిచి ఒక మాట అన్నారు. "మూడు బల్లకట్లలో ఏది యాడ ఉండల్లో నువ్వే లెక్క చూడు లెక్కలప్పా. ఏమన్నా మార్చు, ఏమన్నా బిగించు. నా కారు మాత్రం పెన్న దాటల్ల."

ఆ మాటతో నాకు మంత్రి పదవి వచ్చినట్టయింది. కొలతకర్ర, తాడు, సున్నపురాయి పట్టుకుని కర్నూలుకు పోయాను. ఎగువ రేవులో గట్టు మీద వారం రోజులు కూర్చుని నడిపి బల్లకట్టును పరిశీలించాను. పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, నిండు గొర్రెల మందతో ఎంత మునుగుతుందో గుర్తు పెట్టాను. అక్కడ తుంగభద్ర వెడల్పుగా, నిదానంగా పారుతుంది. పడవవాళ్లు గెడలు వేసుకుంటూ పోతారు. నడుమకు రాగానే బల్లకట్టును తిరగలిని తిప్పినట్టు అరచుట్టు తిప్పుతారు. ఏ కొసన ఎక్కారో ఆ కొసే అవతలి గట్టుకు ఆనుతుంది. అందువల్ల ఎక్కడం, దిగడం రెండూ ఒకే పలక మీదుగా.

రెండో కొసకు కూడా ఒక దిగుడు పలక ఉంది. కారు వెడల్పు ఉంటుంది. మందమైన టేకు. వారం రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు దానిమీద కాలు పెట్టలేదు. దాని మడతబందులు తుప్పు పట్టిపోయాయి. అది ఒక కోడెదూడంత బరువుంటుందని తేల్చాను. ఇంత బరువును ఇన్నేళ్లుగా ఊరికే మోస్తున్న ఆ పడవవాళ్ల అమాయకత్వానికి జాలిపడ్డాను. అవును, జాలిపడ్డాను. ఆ మాట మీరు కూడా గుర్తు పెట్టుకోండి.

నడిపిది పెన్నకు రావాలని తేల్చాను. పెన్న చిన్నది విడిపోయి కట్టెలవ్వాలని తేల్చాను. నడిపిదాన్ని విప్పించి, లారీలో తెప్పించి, పెన్న నడి ఇసుకలో, మంచి ఎండలో మళ్లీ బిగించాను. పనికిరాని పలకను తీసేయించాను. తీసేసిన చోట దడి కట్టించాను. మామూలు దడి కాదు. కారుకు బ్రేకు పట్టకపోతే ఏమిటని ఆలోచించి, చండ్ర దుంగలు నిలిపి, ఇనుప పట్టీలు వేయించి, మరలు బయట ఎక్కడా కనబడకుండా కొట్టించాను. ఎత్తు నా రొమ్ము దాకా. కమ్మరి అడిగాడు, ఇది ఏనుగు కోసమా అని. లెక్క అట్లా వచ్చిందని చెప్పాను.

పనికిరాని పలకను కూడా నేను వృథా పోనివ్వలేదు. రెడ్డి గారి పెరట్లో స్నానాల గది వెనక ఒక జలదారి ఉండేది. వానాకాలం అంతా అక్కడ బురద. రెడ్డి గారి తల్లి లచ్చమ్మవ్వ అది దాటడానికి రోజూ చీర ఎత్తి పట్టుకుని తిట్టుకునేది. పలకను తెచ్చి దానిమీద వాలుగా పరిపించాను. అవ్వ దానిమీద ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచి చూసింది. "ఇన్నేండ్లకు నా కొడుక్కు రాని బుద్ధి నీకు వచ్చిందప్పా," అంది. నేను తల వంచుకుని, ఇంత చిన్న పనికి ఎందుకులే అవ్వా అన్నాను. లోపల మటుకు ఎగిరి గంతులేశాను.

ప్రారంభోత్సవం ఇసుకలోనే జరిగింది. టెంకాయ కొట్టారు. డ్రైవరు ఖాసిం సాహెబు కారును పలక మీదుగా బల్లకట్టు ఎక్కించాడు. దడి దగ్గర ఆపాడు. దడి కదల్లేదు. ఊరంతా ఆ దడిని తట్టి చూశారు. ఖాసిం కారును వెనక్కి నడిపి అదే పలక మీదుగా దించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చుక్క నీళ్లు లేని చోట నేను ఏరు దాటించి చూపించాను. మెచ్చుకున్న నూరు మందిలో ఒక్కరికి కూడా దాహం తప్ప వేరే నీళ్ల ధ్యాస లేదు.

ఇక ఒక ముఖ్యమైన సంగతి. వానాకాలంలో పెన్న తుంగభద్రలాగా నిదానంగా పారదు. ఉరకలు వేస్తుంది. గెడ వేస్తే గెడతో పాటు మనిషి పోతాడు. అందుకని ఈ గట్టున ఒక గుంజ, ఆ గట్టున ఒక గుంజ నాటి, రెండింటికీ మోకు కడతారు. బల్లకట్టును పక్కనుంచి ఆ మోకుకు వలయాలతో తగిలిస్తారు. మనుషులు మోకు పట్టి లాగుతూంటే, మగ్గంలో నాడె ఆడినట్టు అది తిన్నగా పోయి తిన్నగా వస్తుంది. దాన్ని నడుమ తిప్పడమనేది లేదు. ఇది నాకు తెలుసు. తుంగభద్రలో తిప్పుతారనీ తెలుసు, పెన్నలో తిప్పరనీ తెలుసు. ఆ రెండు తెలివులూ నా బుర్రలో చెరో గదిలో కాపురముంటున్నాయి. ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదు.

వానలు వచ్చాయి. పెన్న వచ్చింది. రెండో రోజు ఉదయాన లచ్చమ్మవ్వ పెరట్లో జారిపడి తొడ ఎముక విరిగింది.

కట్టు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు పెట్టి బిగించాడు. ఇది తన చేతిలో పని కాదని, ఈ పూటే కడప పెద్దాసుపత్రికి చేర్చకపోతే కాలు వంకరగా అతుక్కుంటుందని చెప్పాడు. రెడ్డి గారు ముందు రోజే కోర్టు పని మీద కడపకు పోయి ఉన్నారు. వార్త పట్టుకుని ఒక మనిషి బల్లకట్టు మీద దాటాడు. అతను మనిషే గనక, అవతల దడి కింది సందులో దూరి దూకి పోయాడు. మాకు ఏ అనుమానమూ రాలేదు.

అవ్వను కారులో పడుకోబెట్టడానికి సగం ఉదయం పట్టింది. వెనక సీటు పీకేసి, పరుపు వేసి, విరిగిన కాలు వంగకుండా కింద బల్ల కట్టి, అంగుళం అంగుళంగా లోపలికి జరిపారు. ప్రతి అంగుళానికీ ఆమె పళ్లు బిగించింది. అరవలేదు. అంతా అయ్యాక టాపు వైపు చూస్తూ, "కొడుకు కారు కొన్న్యాడని ఊరంతా చెప్పుకుంటి. ఎక్కేది ఇట్లా అనుకోలే," అంది.

కారు నిదానంగా పలక ఎక్కి బల్లకట్టు మీద నిలిచింది. పెంచలయ్య మోకు పట్టాడు. పెన్న రేవులో తాతల కాలం నుంచి అతని ఇంటివాళ్లే లాగుతున్నారు. అతనితో పాటు ఇంకో ఆరుగురు. నేను అందరికన్నా ముందు, దడి మీద చేతులు ఆనించి, గాలికి కండువా ఎగురుతూంటే నిలబడ్డాను. కింద ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. నా లెక్క ప్రకారం బల్లకట్టు ఎంత మునగాలో అంతే మునిగింది. ఒక్క వేలు కూడా తేడా లేదు. ఈ బల్లకట్టు లేకపోతే అవ్వ గతి ఏమయ్యేదో అనుకున్నాను. ఆ క్షణంలో నన్ను ఎవరైనా ఫొటో తీసి ఉంటే బాగుండేది. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేను.

అవతలి గట్టున రెడ్డి గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన ఆయన ఎక్కి వచ్చిన జట్కా. బల్లకట్టు గట్టు చేరింది. ఖాసిం ఇంజను వేశాడు. ముందుకు చూశాడు. ముందు నేను, నా వెనక దడి, దడి వెనక గట్టు. తల తిప్పి వెనక్కి చూశాడు. వెనక దిగుడు పలక ఉంది. పలక వెనక పెన్న ఉంది.

"లెక్కలప్పా," అన్నాడు మర్యాదగా, "నేను యా పక్కకు పోవల్ల?"

నేను కండువా సర్దుకున్నాను.

"దించండప్పా, ఏం చూస్తాండారు?" అన్నారు రెడ్డి గారు గట్టు మీది నుంచి.

"ఉండండి రెడ్డీ. లెక్క చూస్తాండా," అన్నాను.

కారులోంచి అవ్వ అడిగింది. "కడప గట్టు వచ్చిందా అప్పా?"

"వచ్చిందవ్వా."

"మరి నిలబడినామే?"

"కొంచెం... దడి అడ్డముండాది."

పెంచలయ్య మోకు వదలకుండానే దడిని ఒకసారి, పలకను ఒకసారి చూశాడు. అతనికి కార్లు దించిన అనుభవం లేదు. పాత చిన్నదాని మీద మేకలు ఏ పక్కనుంచి పడితే ఆ పక్కనుంచి దూకేవి. అతను నా వైపు చూసిన చూపులో కోపం లేదు. అదే నన్ను చంపింది. "వేసవిలోనే అనుకుంటి, దిగేది ఎట్లబ్బా అని," అన్నాడు. "నువ్వు లెక్క ఏసినావు గదా, ఏదో ఉంటాదిలే అని ఊరుకుంటి." మిగతా ఆరుగురూ తలలూపారు. వాళ్లూ అట్లాగే అనుకున్నారట. నా పేరు ఇంతమంది నోళ్లకు తాళం వేసిందని నాకు అప్పుడే తెలిసింది.

మోకు విప్పి బల్లకట్టును తిప్పుదామా అని అడిగాను. విప్పితే నెల్లూరులో గానీ ఆగదని పెంచలయ్య చెప్పాడు. పక్కనుంచి దించుదామంటే పక్కన పడవ అంచులు నడుము ఎత్తున లేచి ఉన్నాయి. దడిని కొట్టేద్దామని ఒకడు గొడ్డలి వేశాడు. చండ్ర దుంగ మీద గొడ్డలి మొద్దుబారింది, దుంగకు ఒక గీత మటుకే పడింది. అంత గట్టిగా చేయించింది ఎవరని అడక్కండి. కొట్టేసినా దిగడానికి పలక ఏదీ?

అప్పుడు నా బుర్ర వెలిగింది. ఈ కథలో నేను ఎక్కువ సిగ్గుపడేది మొదటి తప్పుకు కాదు, ఇదిగో ఈ వెలుగుకు.

"కారు ముందుకు చూస్తూ ఎక్కింది. అందుకే ఇట్లయింది," అన్నాను. "వెనక్కి పోదాం. ఈసారి కారును వెనక్కి నడిపి ఎక్కిద్దాం. తోక ముందుంటుంది, ముక్కు పలక పక్క ఉంటుంది. దిగేటప్పుడు ముందుకు నడిపితే సరిపోతుంది."

ఎంత స్పష్టంగా చెప్పానంటే, ఖాసిం "అవును గదా," అన్నాడు. పెంచలయ్య కూడా అవునన్నాడు. మీరు కూడా ఒక్క క్షణం అవుననుకుని ఉంటారు. బల్లకట్టు వెనక్కి కదిలింది. గట్టు మీద రెడ్డి గారు గొడుగు దించి, నాలుగడుగులు నీళ్లలోకి వచ్చారు.

"వచ్చినోల్లు మళ్లా పోతాండారేమిరా?"

"తిరగేసుకోని వస్తాం రెడ్డీ," అని కేక వేశాను.

ఇవతలి గట్టున ఖాసిం కారును దించి, బురదలో ముందుకూ వెనక్కూ నడిపి, తోక ముందుగా బల్లకట్టు ఎక్కించాడు. ఒకచోట చక్రం దిగబడితే పది మంది కలిసి ఎత్తారు. కారు కుదిపిన ప్రతిసారీ లోపల అవ్వ ఊపిరి బిగబట్టడం వినిపించేది. నేను పక్కనే నడుస్తూ, "ఇంకొక్క నిమిషం అవ్వా," అంటూ పోయాను.

మళ్లీ మోకు లాగడం మొదలైంది. సగం ఏరు దాటాక నేను దడి వైపు చూశాను. తర్వాత కారు ముక్కు వైపు చూశాను. ముక్కు మా ఊరి వైపు ఉంది. పలకా మా ఊరి వైపే ఉంది. దడి కడప వైపు ఉంది, ఇందాకటిలాగే. తిరిగింది కారు. బల్లకట్టు తిరగలేదు.

ఈ ముక్క ఆ బల్లకట్టు మీద నా ఒక్కడికే తెలుసు. మిగతా వాళ్లందరూ చెమటలు కారుస్తూ ఉత్సాహంగా లాగుతున్నారు. ఇప్పుడు చెప్పనా, గట్టు చేరాక చెప్పనా అని ఆలోచించాను. మోకు తెగితే బాగుండునని కూడా అనుకున్నాను. తెగితే అవ్వ కూడా పోతుందని గుర్తొచ్చి, ఆ కోరికను వెనక్కి తీసుకున్నాను. దడినే పట్టుకుని నిలబడ్డాను. గట్టిది కదా, ఆసరాకు బాగా పనికొచ్చింది.

కారులోంచి అవ్వ గొంతు వినిపించింది.

"లెక్కలప్పా."

"అవ్వా."

"నాకు ఈడ నుంచి ఆకాశం తప్ప ఏం కనపడదు. అందుకని అడుగుతాండా. ఆ దడి ఇందాక యా పక్క ఉన్నింది?"

"కడప పక్క అవ్వా."

"ఇప్పుడు యా పక్క ఉండాది?"

దడి మీది నుంచి చేతులు తీసేశాను.

"కడప పక్కే అవ్వా."

"మంచిది," అంది అవ్వ.

ఏడుగురూ లాగడం ఆపేశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఖాసిం స్టీరింగు చక్రం మీద నుదురు ఆనించాడు. అతని భుజాలు కదులుతూంటే ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు.

రెండోసారి గట్టు చేరాక జరిగినదాంట్లో నా లెక్క ఏమీ లేదు కాబట్టి సవ్యంగా జరిగింది. రెడ్డి గారు పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగారు. గట్టు మీది నుంచి ఇంకో నలుగురిని పిలిచారు. అవ్వను పరుపుతో సహా, కాలి కింది బల్లతో సహా, కారులోంచి మళ్లీ అంగుళం అంగుళంగా బయటికి తీశారు. తలపాగాలు విప్పి పరుపు చుట్టూ కట్టారు. ఇవతలి వాళ్లు తలల మీదికి ఎత్తి పట్టుకుంటే, అవతలి వాళ్లు గట్టుకూ బల్లకట్టుకూ మధ్య నడుం లోతు నీళ్లలో నిలబడి అందుకోవాలి. నడుమ దడి. కిందినుంచి దూర్చడానికి వీల్లేదు, కాలు వంగుతుంది. పైనుంచే పోవాలి.

దడికి సరిగ్గా పైన, అందరి చేతుల మీద, పెన్నకు అంత ఎత్తున ఉండగా అవ్వ నన్ను పిలిచింది.

"ఈ దడి ఎంత ఎత్తు పెట్టినావప్పా?"

"నా రొమ్ము దాకా అవ్వా."

"బాగా కొలిచినావు. ఈడ నుంచి మన ఊరు అంతా కనిపిస్తాండాది."

మోస్తున్నవాళ్లకు నవ్వొచ్చి చేతులు వణికాయి. రెడ్డి గారు ఒక్క అరుపు అరిచారు. నవ్వు ఆగింది. అవ్వ గట్టు చేరింది, జట్కా ఎక్కింది. కడప దాకా ఆ గుంతల దారిలో జట్కా ఎట్లా పోయిందో నేను చూడలేదు. చూడకపోయినా ఆ ప్రతి కుదుపూ నాకు తెలుసు. జట్కా కదిలే ముందు రెడ్డి గారు నా దగ్గరికి వచ్చారు. కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే హాయిగా ఉండేది. "కారును ఇంటికి చేర్చు. అదన్నా చాతనవుతాదా?" అన్నారు మెల్లగా. చాతనయింది. మా ఊరి గట్టున కారు ముక్కు ముందుగా, దర్జాగా దిగింది. నా రెండో ఆలోచన పనికొచ్చింది అక్కడ ఒక్కచోటే.

ఆ మర్నాడే రెడ్డి గారి పెరట్లోంచి పలకను పీకించి తెచ్చాను; దడి విప్పించి, దాన్ని మళ్లీ రెండో కొసకు బిగించాను. దడి విప్పడానికి కమ్మరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అతను నన్ను ఏనుగు ఎప్పుడొస్తుందని అడిగాడు.

అవ్వకు కాలు సరిచేసి కట్టు వేశారని, వేళ మించి తెచ్చారని డాక్టరు కోప్పడ్డాడని తెలిసింది. వారం దాటాక ధైర్యం తెచ్చుకుని, సంచి నిండా చీనికాయలు తీసుకుని ఆసుపత్రికి పోయాను. తలుపు దగ్గరే ఆగిపోతే అవ్వే పిలిచింది. కొడుకును మజ్జిగ తెమ్మని బయటికి పంపింది. నేను మంచం పక్కన నిలబడి, తప్పయిపోయిందని ఏదో గొణిగాను. ఆమె చేత్తో ఆపింది.

"పలక మళ్లా బల్లకట్టుకు బిగించినావంటనే?"

"బిగించినానవ్వా."

"పెరట్లోంచి తీస్తాంటే ఎవురన్నా ఏమన్నా అడిగిన్యారా?"

"ల్యా అవ్వా. ఎందుకడుగుతారు?"

"నేనూ చెప్పలేదులే."

"ఏమి చెప్పలేదవ్వా?"

అవ్వ ఒక చీనికాయ తీసుకుని, తొక్క వలుస్తూ, నా మొహం చూడకుండా అంది. "నేను దేని మీద జారినానో."

వాలుగా పరిచిన టేకు పలక. రెండు రోజుల వాన. నేనే పరిపించాను. నేనే తల వంచుకుని మెప్పు తీసుకున్నాను. ఆ పలకను ఉన్న చోట ఉండనిచ్చి ఉంటే అవ్వ జారేది కాదు. జారినా కారు దిగేది. ఒకే పలకను ఒక చోటి నుంచి తీసి ఒకసారి, ఇంకో చోట పెట్టి ఒకసారి, ఒకే మనిషి కాలును రెండుసార్లు విరిచినంత పని చేసినవాణ్ణి నేను. ఇంత పొదుపుగా ఇంకెవరైనా నష్టం చేయగలరా? అంత అవమానంలోనూ నా బుర్ర ఆ లెక్క చూసింది. అందుకు కూడా సిగ్గుపడ్డాను.

"నా కొడుక్కు తెలిస్తే నీ పని పోతాది," అంది అవ్వ. "నీ పెండ్లాం నిండు నెలల మీద ఉండాది గదా. చెప్పన్లే. అయితే ఒకటి. నేను బతికినన్నాళ్లు నా దారిలో నువ్వు ఏమన్నా పెడితే, ముందు తడికాళ్లతో నువ్వు నడిచి చూపియ్యల్ల."

చేతులు జోడించాను. కళ్ల నీళ్లు వచ్చాయి. రెడ్డి గారు మజ్జిగ చెంబుతో వచ్చి, నన్ను చూసి, పోనీలే, ఇంత బాధపడుతున్నాడు గదా అనుకున్నట్టున్నారు. పని ఉంచారు.

అవ్వ ఆ మాట మరిచిపోలేదు. ఆ తర్వాత ప్రతి వానాకాలం మొదట్లో నన్ను పిలిపించేది. నేను కాళ్లు తడుపుకుని, వాళ్ల పెరడంతా ఒకసారి నడిచి చూపించేవాణ్ణి. ఎందుకో తెలియక రెడ్డి గారు అరుగు మీది నుంచి వింతగా చూసేవారు. అవ్వకు కాలు కొంచెం పొట్టిగా అతుక్కుంది. మామూలుగా నడిస్తే పెద్దగా తెలిసేది కాదు. కానీ నేను వాకిట్లో కనబడగానే ఆమె గోడ పట్టుకునేది, నడుం మీద చెయ్యి పెట్టుకునేది, ఒళ్లంతా ఊపుతూ కుంటుకుంటూ వచ్చేది.

"పొద్దున బాగనే నడుస్తాంటివి కదమ్మా," అనేవారు రెడ్డి గారు.

"ఏమో నాయనా," అనేది అవ్వ. "ఈ లెక్కలప్పను చూస్తే కాలికి అన్నీ గుర్తొస్తాయి."

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. చివరిదాకా చెప్పలేదు. ఓబుల రెడ్డి గారూ, మీరు ఇది చదువుతూంటే ఈ పలక సంగతి మీకు ఇప్పుడే తెలుస్తోంది. నన్ను కొట్టాలనిపిస్తే కబురు చేయండి, వస్తాను. ఆ రోజు కొట్టనిది ఇంకా బాకీ ఉంది.

కాబట్టి పెన్న సాక్షిగా, నీళ్లు లేకపోతే ఇసుక సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. నీళ్ల మీద నడవాల్సిన దాన్ని ఎండిన ఏట్లో పరీక్షించను. దేనికైనా ఒక వాకిలి మూసే ముందు అవతలి గట్టుకు పోయి నిలబడి చూస్తాను. ఏదైనా పలక పనికిరాదని తేలిస్తే, దాన్ని ఇంకొకరి పెరట్లో వేయను, మా పెరట్లోనే వేసుకుంటాను. వేసుకున్నాను కూడా. కిందటి వానకు దానిమీద జారాను. ఏ కాలని అడక్కండి. అవ్వది ఏ కాలో అదే.